ఏ ఫోన్ సేఫ్ అని కాదు.. ప్యాచ్ ఎప్పటిదో చూడండి

మా తగరపువలసలో నేను సాఫ్ట్‌వేర్ డెవలపర్‌నని తెలిసిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. మెయిన్ రోడ్డు మీద మొబైల్ షాపు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు, కాలేజీ బస్సు దిగిన కుర్రాళ్లు ఎవరో ఒకరు మొదలుపెడతారు. "అన్నా, ఐఫోన్ సేఫా, ఆండ్రాయిడ్ సేఫా?" కాస్త ముదురు అయితే "లైనక్స్‌కి వైరస్ రాదు కదన్నా?" అంటాడు. ఒకప్పుడు నేను కూడా ఏదో ఒక పేరు చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పట్లేదు. ఎందుకో తెలియాలంటే రెండు సంగతులు వినాలి. ఒకటి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: మన తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేసిన కథ. రెండోది మా ఇంట్లో జరిగింది. అందులో తప్పు నాదే.

జ్ఞా చేసిన పని

2018 ఫిబ్రవరి. ఇటలీలోని మొబైల్ వరల్డ్ అనే సైట్ ఒక విషయం బయటపెట్టింది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్‌కి 'జ్ఞా' అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో పంపిస్తే ఆ యాప్ క్రాష్ అయిపోతోంది. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్, యాపిల్ సొంత మెసేజెస్ యాప్.. అన్నిటిదీ ఇదే వరస. మళ్లీ తెరిస్తే మళ్లీ ఆ అక్షరమే ఎదురవుతుంది కాబట్టి మళ్లీ క్రాష్. నోటిఫికేషన్‌లో వస్తే ఇంకా ఘోరం, హోమ్ స్క్రీన్‌ని నడిపించే స్ప్రింగ్‌బోర్డే పడిపోయేది. మాక్‌లనీ వదల్లేదు. నేనప్పుడు ఉద్యోగంలో చేరి ఏడాది. మా టీమ్‌లో ఐఫోన్ ఉన్నది ఒక్క లీడ్‌కే. ఆయనకి ఆ అక్షరం నేను పంపానా లేదా అన్నది ఇక్కడ అనవసరం.

ప్రపంచమంతా 'తెలుగు అక్షరం ఐఫోన్‌ను చంపేస్తోంది' అని హెడ్డింగులు పెట్టింది. మనవాళ్లు కొందరు కాలర్ ఎగరేశారు కూడా. కానీ అసలు సంగతి వేరే. మామూలుగా మనం కీబోర్డ్‌లో జ్ఞా అని టైప్ చేస్తే ఏమీ అయ్యేది కాదు. లేకపోతే 'జ్ఞానం', 'జ్ఞాపకం' అని రాసుకునే తెలుగువాళ్ల ఐఫోన్లన్నీ ఎప్పుడో పోవాలి కదా.

కంప్యూటర్ లెక్కలో జ్ఞా అంటే నాలుగు ముక్కలు. జ, పొల్లు, ఞ, దీర్ఘం. క్రాష్ చేసిన వరసలో ఞకీ దీర్ఘానికీ మధ్య ఐదో ముక్క ఒకటి దూరింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, కంటికి కనపడదు. మనకి బాగా పనికొచ్చేదే. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ వత్తుగా చేరిపోకుండా అడ్డం నిలబడేది ఇదే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసం నిండా అవే. అయితే దాని చోటు పొల్లు తర్వాత. వత్తుకీ దీర్ఘానికీ మధ్య దానికి ఏ పనీ లేదు, అలా ఎవరూ టైప్ చేయరు. ఎవరో ఎక్కడో చేశారు, కాపీ పేస్ట్‌లో ఊరేగింది.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్కర్ దీన్ని విప్పి చూశాడు. తేలిందేంటంటే జ్ఞా ఒక్కటే కాదు, ఒక్క తెలుగే కాదు. దేవనాగరి, బెంగాలీల్లో కూడా ఇదే పద్ధతిలో క్రాష్ చేయొచ్చు. కాకపోతే అక్కడ ఒకటి రెండు అక్షరాలతోనే కుదురుతుంది. మన తెలుగులో ఏ హల్లయినా ఇంకో హల్లు కింద వత్తుగా వచ్చి చేరగలదు కాబట్టి దాదాపు ఏ జంటతోనైనా కుదురుతుంది. అంటే నేరం అక్షరానిది కాదు. యాపిల్ అక్షరాలు పేర్చే ఇంజిన్, కోర్‌టెక్స్ట్, మన వత్తుల లెక్కలో తికమకపడి మెమరీని పాడుచేసింది. యాపిల్ తన సెక్యూరిటీ నోట్‌లో రాసిందీ అదే: మెమరీ కరప్షన్, ఇన్‌పుట్‌ని సరిగ్గా తనిఖీ చేయడం ద్వారా సరిచేశాం అని.

ఇది మొదటిసారీ కాదు, ఆఖరిసారీ కాదు. 2015లో అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజ్ ఐఫోన్లను రీస్టార్ట్ చేసింది. 2020లో ఇటలీ జెండా ఎమోజీ పక్కన సింధీ అక్షరాలు వచ్చి అదే పని చేశాయి. గమనించారా? ప్రతిసారీ ఇంగ్లిష్ కాని లిపే. ఆ భాషల మీద పగబట్టి ఎవరూ చేయలేదు. ఆఫీసులో ఎవరూ రోజూ వాడని లిపిని ఎవరూ రోజూ టెస్ట్ చేయరు, అంతే.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న చోటుకి వస్తున్నా. ఆ నెల 19న యాపిల్ 11.2.6 వదిలింది. వార్త గుప్పుమన్న కొన్ని రోజులకే. అప్పుడే కొన్న ఐఫోన్ టెన్‌కీ, 2013 నాటి 5ఎస్‌కీ ఒకే రోజు. ఆ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. పదేళ్ల ముసలి ఫోన్‌కి!

ఆండ్రాయిడ్ వైపు దీనికి ముందే, 2015లో, స్టేజ్‌ఫ్రైట్ అని ఒకటి వచ్చింది. వీడియోలు చదివే లైబ్రరీలో లోపం. ఒక ఎంఎంఎస్ పంపి, మీరు తెరవకపోయినా ఫోన్‌లోకి దూరే వీలుండేది. గూగుల్ ప్యాచ్ రాసింది. నెలనెలా సెక్యూరిటీ బులెటిన్ ఇవ్వడం కూడా ఆ ఆగస్టులోనే మొదలుపెట్టింది. కానీ గూగుల్ రాసిన ప్యాచ్ ఫోన్ తయారుచేసిన కంపెనీ దగ్గరికి వెళ్లాలి, అక్కడ దాని మోడల్‌కి సరిపెట్టాలి, అప్పుడు మీ చేతిలోకి రావాలి. మధ్యలో ఎక్కడో చాలా ఫోన్లకి బండి ఆగిపోయింది. రెండు ఓఎస్‌లలోనూ లోపం ఒకే జాతిది. తేడా అంతా లోపం దొరికిన తర్వాత ఏమైందన్న దాంట్లో ఉంది.

మీ కోడ్‌కి కూడా జ్ఞా పెట్టి చూడండి

కోడ్ రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకో చిన్న పరీక్ష. జ్ఞాలో ఎన్ని అక్షరాలు? మా అమ్మనడిగితే ఒకటి అంటుంది. పైథాన్‌లో లెన్ అడిగితే 4 అంటుంది. యూటీఎఫ్-8లో బైట్లు లెక్కపెడితే 12. యూనికోడ్ వాళ్లు చాలాకాలం జ్‌ని ఒకటిగా, ఞాని ఒకటిగా విడగొట్టి, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో మా అమ్మ మాటే కరెక్టని ఒప్పుకున్నారు.

నవ్వులాట కాదిది. నా మొదటి ప్రాజెక్టులో పేరు కాలమ్‌ని బైట్ల లెక్కన కత్తిరించే ఫంక్షన్ ఒకటి రాశాను. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేశాను, అన్నీ పచ్చగా పాసయ్యాయి. తెలుగులో పేరు నింపిన మొదటి మనిషి దగ్గర కత్తిరింపు సరిగ్గా ఒక అక్షరం మధ్యలో పడింది. ఆ సగం బైట్లని చదవలేక రిపోర్టు తయారుచేసే ప్రోగ్రామ్ మొత్తం ఆగిపోయింది. ఆ మనిషి ఒక్కడిదే కాదు, ఆ రోజు ఎవరి రిపోర్టూ రాలేదు. యాపిల్‌కి అంత డబ్బుండి జరిగింది, నాకు జరగదా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, తెలుగువాణ్ణయ్యుండి తెలుగుతో టెస్ట్ చేయలేదన్నది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్నుంచి నా టెస్ట్ డేటాలో మొదటి పేరు యజ్ఞనారాయణ.

టూల్స్ గురించి నా అభిప్రాయం కూడా అక్కడే మారింది. సీ, సీ ప్లస్ ప్లస్ వచ్చినవాడే అసలు ప్రోగ్రామర్ అని కాలేజీలో మాకు నూరిపోశారు. జాగ్రత్తగా రాస్తే ఏం కాదు అనేవాళ్లు. ప్రపంచంలో అందరికన్నా జాగ్రత్తగా రాసేవాళ్లే కోర్‌టెక్స్ట్, స్టేజ్‌ఫ్రైట్ రాశారు. తమ సెక్యూరిటీ లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్లేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమ్ టీమ్ ఆ తర్వాతి ఏడాది తమ పెద్ద లోపాల గురించి ఇంచుమించు అదే అంకె చెప్పింది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ని రస్ట్ లాంటి మెమరీ సేఫ్ భాషల్లో రాయడం పెంచాక, ఈ రకం లోపాల వాటా 2019లో 76 శాతం నుంచి 2024కి 24 శాతానికి పడిపోయిందని గూగుల్ లెక్క. పాత కోడ్‌ని ఎవరూ మొత్తం తిరగరాయలేదు, కొత్తది మాత్రమే మార్చారు. క్రోమ్‌లో వెబ్ ఫాంట్లు చదివే పనిని కూడా ఇప్పుడు ఫ్రీటైప్ నుంచి తీసేసి, రస్ట్‌లో రాసిన స్క్రిఫాకి అప్పగించారు. అక్షరాల దగ్గర దెబ్బతిన్నవాళ్లకి ఆ మార్పు విలువ తెలుస్తుంది.

రస్ట్ కష్టం అంటారు. కష్టమే. మొదటి నెల కంపైలర్‌తో గొడవపడటమే సరిపోయింది నాకు. కానీ అది నాతో తిట్టించుకునేది మా ఇంట్లో, మధ్యాహ్నం పూట. యూజర్ ఫోన్‌లో అర్ధరాత్రి కాదు.

నా ఏపీకే

ఇక రెండో సంగతి.

మా నాన్న చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు మూతపడింది, నాన్న ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన ఫోన్ 2020లో కొన్నది, ఆండ్రాయిడ్ 10. అమ్మ డ్వాక్రా గ్రూపు లెక్కలు రాస్తుంది. పది మంది సభ్యులు, నెలనెలా పొదుపు, అప్పు వాయిదాలు, వడ్డీ. నోటుబుక్‌లో కొట్టివేతలు చూడలేక ఒక ఆదివారం కూర్చుని కాట్లిన్‌లో చిన్న యాప్ రాశాను. పదిమంది కోసం ప్లే స్టోర్‌కి డబ్బు కట్టడం, ఫారాలు నింపడం ఎందుకులే అని ఏపీకే ఫైల్ చేసి అమ్మకి వాట్సాప్‌లో పంపేశాను. గ్రూపులో అందరికీ ఫార్వర్డ్ చేసుకోమన్నాను.

ఇన్‌స్టాల్ అవ్వకపోతే ఏం చేయాలో నాన్నకి నేనే నేర్పాను. 'ఈ సోర్స్ నుంచి అనుమతించు' ఆన్ చేయండి. ప్లే ప్రొటెక్ట్ ఏదో హెచ్చరిక పెడుతుంది, పట్టించుకోకండి, కింద చిన్నగా 'ఎలాగైనా ఇన్‌స్టాల్ చేయి' అని ఉంటుంది, అది నొక్కండి. నాన్న శ్రద్ధగా నేర్చుకుని, ఆ పది ఇళ్లకీ వెళ్లి, పది ఫోన్లలోనూ వేసి వచ్చారు. మా అబ్బాయి చేసేడు అని చెప్పి మరీ.

2024 మొదట్లో, మిల్లు రోజుల నాటి స్నేహితుడి నంబర్ నుంచి నాన్నకి పెళ్లి కార్డు వచ్చింది. ఫైల్ పేరు చివర డాట్ ఏపీకే అని ఉంది. మీకూ నాకూ అది గంట మోగినట్టు. నాన్నకి మాత్రం ఏపీకే అంటే వాళ్లబ్బాయి పంపేది లాంటిదే. హెచ్చరిక వచ్చింది, నేను చెప్పినట్టే దాటారు. యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగింది, ఇచ్చారు. కార్డు తెరుచుకోలేదు. నెట్ బాగాలేదనుకుని పడుకున్నారు. ఆ రాత్రి మూడు విడతల్లో 38,500 రూపాయలు పోయాయి. తెల్లారి 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే ఆఖరి విడత 9,000 ఆగింది. మిగతాది రాలేదు.

డబ్బు ఒక ఎత్తు. నాన్న ఫోన్ నుంచి ఆయన కాంటాక్టుల్లో ఉన్న అందరికీ అదే పెళ్లి కార్డు వెళ్లిపోయింది. మిల్లు స్నేహితులు, చుట్టాలు, అమ్మ గ్రూపువాళ్లు. నాన్న రెండు రోజులు ఫోన్లు చేసి "అది తెరవకండి, అది నేను పంపింది కాదు" అని చెబుతూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "నువ్వు చెప్పినట్టే చేసేను కదరా, ఏటి తప్పు చేసేను?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పేమీ చేయలేదు మరి.

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఫోన్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ 2021 జూన్. కానీ ఆ నెల ప్యాచ్ వేసి ఉన్నా ఈ దొంగ యాప్ ఆగేది కాదు. అది ఏ లోపాన్నీ వాడుకోలేదు, తలుపు మేమే తీశాం. మరి ప్యాచ్ తేదీ చూడమని ఎందుకంటున్నాను? ఆండ్రాయిడ్ 13 నుంచి, అంటే 2022 నుంచి, ఇలా బయటి నుంచి వేసిన యాప్ యాక్సెసిబిలిటీ అడిగితే ఆ బటన్ బూడిద రంగులోకి పోతుంది. 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని చెప్పి ఆపేస్తుంది. తీయాలంటే యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, మూడు చుక్కలు నొక్కి, వేరేగా అనుమతి ఇవ్వాలి. దీన్నీ తప్పించుకునే దొంగలున్నారు, నిజమే. కానీ నాన్న అక్కడ ఆగేవారు. ఎందుకంటే ఆ మూడు చుక్కల సంగతి నేను నేర్పలేదు! ఆ కంపెనీ ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఆపేయకపోయి ఉంటే ఆ రాత్రి వేరేగా ఉండేది. అప్‌డేట్ అంటే కొత్త ఐకాన్లు కాదు, కొత్త దొంగతనాలు చూసి పెట్టిన కొత్త తాళాలు.

ఆ ఏడాది చివర్లో గూగుల్ మన దేశంలో ఇంకోటి మొదలుపెట్టింది. బ్రౌజర్, వాట్సాప్ లాంటి చోట్ల నుంచి దిగిన యాప్ ఎస్ఎంఎస్‌లు చదవడం, యాక్సెసిబిలిటీ లాంటివి కోరితే ప్లే ప్రొటెక్ట్ దాన్ని నేరుగా ఆపేస్తుంది. మాకు కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు ఇంకా పెద్ద మార్పు చెబుతున్నారు. ఎవరు రాశారో గుర్తింపు ఇవ్వని డెవలపర్ల యాప్‌లు గూగుల్ సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇన్‌స్టాల్ కావని 2025 ఆగస్టులో ప్రకటించారు. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకి అన్నారు. ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. గొడవ పెరిగాక, తెలిసినవాళ్లు దాటడానికి వేరే దారి ఒకటి పెడతామని గూగుల్ నవంబర్‌లో మెత్తబడింది.

నాలుగేళ్ల క్రితం అడిగితే నేను ఎఫ్-డ్రాయిడ్ పక్షాన జెండా పట్టుకునేవాణ్ణి. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏం వేసుకోవాలో నేను నిర్ణయించుకోవాలి కదా! ఇప్పటికీ ఆ మాటలో న్యాయం ఉందనే అంటాను. ప్రతి యాప్‌కీ ఒక కంపెనీ ముద్ర కావాలంటే, రేపు ఆ కంపెనీకి నచ్చని యాప్‌ని ఎవరు కాపాడతారు? కానీ నా స్వేచ్ఛ కోసం నేను తెరిచిన తలుపులోంచే దొంగ మా ఇంట్లోకి వచ్చాడు. అందుకని ఇప్పుడు నా అభిప్రాయం ఇలా ఉంది. తలుపు ఉండాలి, దాని గడియ ఎత్తుగా ఉండాలి. డెవలపర్ ఏడీబీ ద్వారా కేబుల్ పెట్టి వేసుకోగలగాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ మీద రెండు నొక్కులతో మాత్రం పడకూడదు. దీన్ని పిరికితనం అనేవాళ్లు అనుకోవచ్చు. వాళ్లకి వయసైన నాన్న, వాట్సాప్ ఉన్న ఫోన్ రెండూ ఉన్నాయో లేవో నాకు తెలీదు.

తెలిసినవాళ్లూ నొక్కుతారు

పెద్దవాళ్లు కాబట్టి మోసపోయారు, మాకు తెలుసు కదా అనుకునే తమ్ముళ్లకి 2025 సెప్టెంబర్ సంగతి గుర్తుచేస్తా. ఎన్‌పీఎంలో చాక్, డీబగ్ అని రెండు ప్యాకేజీలున్నాయి. జావాస్క్రిప్ట్ రాసే ప్రతివాడి ప్రాజెక్టులోనూ తెలిసో తెలియకో ఉంటాయి. వాటిని నిర్వహించే ఆయనకి, టూ ఫ్యాక్టర్ వివరాలు అప్‌డేట్ చేయమని ఎన్‌పీఎం పేరుతో దొంగ మెయిల్ వచ్చింది. ఆయన నమ్మి వివరాలు ఇచ్చేశాడు. మొత్తం 18 ప్యాకేజీల్లోకి క్రిప్టో డబ్బు దారి మళ్లించే కోడ్ ఎక్కింది. వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లున్న ప్యాకేజీలవి. కొన్ని గంటల్లోనే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆయనా మా నాన్న చేసిందే చేశాడు. ఆయన కోడ్ మీద ప్రపంచమంతా నడుస్తోంది, అదొక్కటే తేడా.

లైనక్స్‌కి ఏం కాదు అనే భక్తులకి ఎక్స్‌జెడ్ పేరు చాలు. 2024 మార్చిలో, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తీగ లాగకపోయి ఉంటే, ఆ బ్యాక్‌డోర్ ప్రపంచంలో సగం సర్వర్లలోకి వెళ్లిపోయేదేమో. నేను ఆఫీసు పనికి వాడేది లైనక్సే. ఇష్టంతోనే వాడతా. కానీ అర సెకను మీద అనుమానపడే మనుషులు దాని బలం, పెంగ్విన్ బొమ్మ కాదు.

ఇక్కడొక మెలిక ఉంది. ఫోన్‌కి అప్‌డేట్ వస్తే ఆ రాత్రే వేసేయమంటాను. ప్రాజెక్టులోని ప్యాకేజీల విషయంలో మాత్రం ఉల్టా, కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించకండి. దొంగ వెర్షన్లు చాలావరకు మొదటి గంటల్లో, రోజుల్లో దొరికిపోతాయి. పీఎన్‌పీఎంలో ఇందుకే 'మినిమమ్ రిలీజ్ ఏజ్' అనే సెట్టింగ్ పెట్టారు, ఇన్ని రోజులు పాతబడితేనే ఎక్కించు అని చెప్పొచ్చు. లాక్ ఫైల్‌ని గిట్‌లో పెట్టండి. గిట్‌హబ్‌కి పాస్‌కీ పెట్టుకోండి, దొంగ సైట్‌లో అది పనిచేయదు కాబట్టి మీరు మోసపోయినా అది మోసపోదు. క్రాక్ చేసిన ఎడిటర్లు, క్రాక్ చేసిన విండోస్ గురించి ఏం చెప్పాలి? ఉచితంగా వీఎస్ కోడ్ దొరికే రోజుల్లో కూడా టెలిగ్రామ్ లింకుల్లోంచి దించుకునేవాళ్లని చూస్తుంటే నాకు మాట రాదు.

విండోస్ అంటే గుర్తొచ్చింది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇటువైపు కాలేజీ కుర్రాళ్ల దగ్గర అన్నయ్యల నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లే ఎక్కువ. ఏడో తరం ఇంటెల్, అంతకన్నా పాతవి దాదాపు అన్నీ విండోస్ 11కి పనికిరావంటారు. రిజిస్టర్ చేసుకుంటే ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ వరకు ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ అంది. ముందు అది చేసుకోండి. ఆ తర్వాత లైనక్స్ మింట్ వేసుకుని చూడండి. మంచి ల్యాప్‌టాప్‌ని పాత ఇనుము కింద అమ్మకండి.

ధర పక్కన ఉండాల్సిన లైన్

మన రివ్యూల్లో కెమెరాకి పది ఫొటోలుంటాయి, గేమింగ్‌కి గ్రాఫులుంటాయి. ఎన్నేళ్లు ప్యాచ్‌లు వస్తాయన్నది ఆఖరి పేరాలో ఒక లైన్. నన్నడిగితే అది ధర పక్కనే ఉండాలి. పిక్సెల్ 8తో గూగుల్ 2023లో ఏడేళ్లు అంది, గ్యాలక్సీ ఎస్24తో శామ్‌సంగ్ కూడా అదే మాట ఇచ్చింది. ఖరీదైన ఫోన్ల సంగతి అలా మారింది. మా ఊళ్లో అమ్ముడుపోయేవి పది, పన్నెండు వేల ఫోన్లు. అక్కడే కంపెనీ కంపెనీకీ, మోడల్ మోడల్‌కీ లెక్క మారిపోతుంది, బాక్స్ మీద ఎక్కడా ఉండదు. ఇంకో కిటుకు చూడండి, ఆ ఏళ్లని లెక్కపెట్టేది ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. పండగ సేల్‌లో సగం ధరకి దొరికే రెండేళ్ల కిందటి మోడల్‌కి ఆయుష్షు కూడా సగమే మిగిలి ఉండొచ్చు. పన్నెండు వేల ఫోన్‌కి రెండేళ్లు ప్యాచ్‌లు వస్తే ఏడాదికి ఆరు వేలు. పద్దెనిమిది వేల ఫోన్‌కి ఆరేళ్లు వస్తే మూడు వేలు. ఈ భాగహారం షాపులో ఎవరూ చేసి చూపించరు.

మీ ఫోన్‌లో ఇప్పుడే చూడండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్. అక్కడ సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. మీది చూశాక అమ్మది, నాన్నది కూడా చూడండి.

అమ్మ గ్రూపు యాప్‌ని ఈమధ్యే ప్లే స్టోర్‌లోకి మార్చాను. 25 డాలర్లు కట్టాను. కొత్త అకౌంట్ కాబట్టి 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలన్నారు. అమ్మతో కలిపి గ్రూపులో పది మంది, నాన్న, మా చెల్లి. సరిగ్గా సరిపోయారు.

పాత ఏపీకే తీసేయడానికి ఆ పది ఇళ్లకీ మళ్లీ వెళ్లాం. ఈసారి ఇద్దరం. నేను పాత యాప్ తీసి, వాట్సాప్‌కి ఇచ్చిన ఇన్‌స్టాల్ అనుమతి ఆపేస్తుంటే, నాన్న ఒక్కో ఫోన్ ప్యాచ్ తేదీ అడిగి రాసుకున్నారు. పది ఫోన్లలో ఏడింటి తేదీ 2022 కూడా దాటలేదు. అందులో రెండింటిలో గ్రూపు బ్యాంకు ఖాతా మెసేజ్‌లు వస్తాయి. ఆ జాబితా అమ్మ లెక్కల నోటుబుక్ ఆఖరి పేజీలో ఉంది. వచ్చే నెల పొదుపు మీటింగ్‌లో ఫోన్ కోసం అప్పు అడుగుతామని ఇద్దరు ముందే చెప్పారట. ఏ మోడల్ కొనాలో నాన్ననే అడుగుతామన్నారట, నన్ను కాదు.